బొమ్మ విరిగేది ఆటలో కాదు, పెట్టెలో

చేవెళ్ళ (మన విలేఖరి): పండుగ దాటిన మరునాడు కొలువు పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఒక పని ఉంటుంది. బొమ్మలను మెట్లమీది నుంచి దించడం, దుమ్ము దులపడం, గుడ్డలో చుట్టి సందుగలోకి చేర్చడం. కొలువు పెట్టేనాడు పేరంటాళ్ళు నలుగురు ఉంటారు, పాట ఉంటుంది, హారతి ఉంటుంది. దించేనాడు ఇల్లాలు ఒక్కతే. పొయ్యి మీద కూర మాడుతోందన్న తొందర ఒకటి. ఏనుగు మీద గుర్రం పడుతుంది, గుర్రం మీద సెట్టిగారు పడతాడు. మూత పడదు. కాస్త అదిమితే పడుతుంది. మళ్ళీ ఏడాది ఆ మూత తీసేసరికి సెట్టిగారికి చెయ్యి ఉండదు, ఏనుగుకు తొండం ఉండదు, అడుగున పిడికెడు పిండి కనిపిస్తుంది.

నింద మాత్రం పిల్లలమీద పడుతుంది. నిజానికి దసరా కొలువైతే 9 రోజులు, సంక్రాంతి కొలువైతే మూడు నాలుగు రోజులు బొమ్మ బయట ఉంటుంది. మిగిలిన మూడువందల యాభై రోజులూ అది ఉండేది పెట్టెలోనే. పుట్టింటి నుంచి అత్తింటికో, పట్నం నుంచి పల్లెకో అప్పుడప్పుడు ప్రయాణం చేస్తుంది. బొమ్మల ప్రాణం తీసేవి ఈ రెండే: పెట్టె, ప్రయాణం.

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల్లో కొలువు పెట్టే ఆచారం ఇంటింటా లేని మాట నిజమే. కాని చిన్న బొమ్మ లేని ఇల్లు తక్కువ. యాత్రకు వెళ్ళినప్పుడు తెచ్చిన కొండపల్లి ఎడ్లబండి, ఎవరో పెళ్ళికి బహూకరించిన నిర్మల్ బొమ్మ, జాతరలో కొన్న మట్టి గుర్రం, పిల్లవాడి ప్లాస్టిక్ సిపాయిలు, బడిలో ప్రదర్శనకు చేసిన నమూనా – ఏదో ఒకటి ఉంటుంది. పట్నం పెరుగుతూ మొయినాబాద్ దాకా వచ్చిన కొత్త కాలనీల్లో ఇతర జిల్లాల కుటుంబాలతోబాటు వారి కొలువు పెట్టెలు కూడా దిగాయి. కనుక ఈ సంగతి పదిమందికీ పనికివచ్చేదే.

యుద్ధాన్ని పెట్టెలో మోసేవారు

బొమ్మల పెట్టెను ఊరూరా మోసుకుపోవడమే బతుకుతెరువుగా చేసుకున్నవారు మన తెలంగాణలోనే ఉన్నారు. వారు మందెచ్చులవారు. గొల్లలకు, అనగా యాదవులకు వీరు ఆశ్రితులు. కాటమరాజు కథ చెప్పడం వీరి వృత్తి. పద్మశాలీలకు, గౌడులకు, ముదిరాజులకు వారి వారి కుల పురాణాలు చెప్పేవారు చేర్యాల నకాశీలు రాసిన గుడ్డ పటాలను విప్పి, కర్రతో ఒక్కొక్క బొమ్మను చూపుతూ చెబుతారు. మందెచ్చులవారిది వేరు దారి. వీరు పటానికి బదులు బొమ్మలనే నిలబెడతారు. కథ నడిచేకొద్దీ ఒక్కొక్క బొమ్మ పెట్టెలోంచి బయటికి వచ్చి జనం ముందు కొలువుతీరుతుంది.

కాటమరాజు కథ అంటే యుద్ధకథ. పశువులను మేపుకునే బీళ్ళకు కట్టవలసిన పుల్లరి దగ్గర మొదలైన తగాదా అది. ఒక పక్క ఆలమందల కాటమరాజు, మరొక పక్క నెల్లూరి పాలకుడు నల్లసిద్ధి. ఎర్రగడ్డపాడు దగ్గర పోరు జరిగింది. ఇది పదమూడో శతాబ్దం నాటి సంగతి అని చరిత్రకారుల అంచనా. సిద్ధిరాజు సేనాని ఖడ్గతిక్కన ఈ పోరులోనే నేలకొరిగాడు. భారతం తెనిగించిన తిక్కన సోమయాజికి ఈయన దాయాది. పుల్లరి అన్న మాట వినగానే మన పల్లెల్లో పెద్దవారికి ఇంకొక వివరణ అక్కరలేదు. గొర్రె నోటికీ గడ్డికీ మధ్య అడ్డం వచ్చిన పన్ను అది. ఆ కథలోని వీరులూ దేవతలూ ఒకే పెట్టెలో పక్కపక్కన పడుకుని ఊరినుంచి ఊరికి సాగిపోతుంటారు. 

మన ఇంట్లో కొలువు బొమ్మ ఒకటి విరిగితే మనసు చివుక్కుమంటుంది, అంతే. మందెచ్చులవారి పెట్టెలో ఒకటి విరిగితే కథలో ఒక మనిషి తక్కువవుతాడు. ఆ బొమ్మ ఏ అంగడిలోనూ దొరకదు. చేర్యాల వెళ్ళి నకాశీలతో చేయించుకోవాలి. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో జిల్లాల పునర్విభజన తరువాత సిద్దిపేట జిల్లాలో చేరిన ఊరు అది. చేవెళ్ళ నుంచి పోవాలంటే నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. నకాశీ పని చేసే కుటుంబాలు అక్కడ వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి. వారికి కూడా ఇప్పుడు ఎక్కువ పని పట్నాల్లో గోడకు తగిలించుకునే ముఖాలు, చిన్న పటాలు. కథకు పనికివచ్చే పూర్తి జత చేయించుకోవడం పేద కథకుడికి చిన్న ఖర్చు కాదు. అందుచేత వీరి పెట్టెలో ఉన్నది వస్తువు కాదు, పెట్టుబడి. తాతలనాటి హక్కు కూడా. ఏ ఊళ్ళో ఎవరు కథ చెప్పాలన్నది ఇటువంటి ఆశ్రిత కులాల్లో కుటుంబాలవారీగా పంచుకున్న మిరాశీ. పాతబడిన పటాన్ని సయితం చించి పారవేయక నదిలో నిమజ్జనం చేసే ఆచారం ఉండేదంటే వారి పట్టింపు ఎటువంటిదో ఊహించవచ్చు.

ఈ పెట్టె సర్దే విద్యలో గమనించవలసింది ఒకటుంది. కథలో ముందు వచ్చే బొమ్మ చేతికి ముందు అందాలి. అడుగునున్న దానికోసం పైవాటిని గెలకవలసి వస్తే ఒకటో రెండో దెబ్బ తింటాయి. కథ వరుస తెలిసినవాడికి పెట్టె వరుస కూడా తెలిసినట్లే. మన ఇళ్ళల్లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. చేతికి ఏది దొరికితే అది ముందు లోపలికి పోతుంది. కొలువులో అన్నిటికన్నా పైమెట్టు మీద ముందుగా పెట్టవలసిన దేవుడి బొమ్మ అందరికన్నా అడుగున చిక్కుకుంటుంది. ఆయనను బయటికి తీయడానికి పెట్టె అంతా బోర్లించవలసిందే.

సొరుగుల బల్ల, సీసం సిపాయిలు

బొమ్మలతో యుద్ధం ఆడుకోవడం ఇతర దేశాల్లో రాజులు, సైనికాధికారులు కూడా చేసిన పనే. జర్మనీ దేశంలోని ప్రష్యా రాజుకు 1812లో రైస్‌విట్జ్ అనే ఆయన ఒక బల్ల తయారుచేసి సమర్పించాడు. మంచమంత బల్ల. దానిమీద కొండలు, నదులు, ఊళ్ళు ఉన్న పలకలను పేర్చి, పింగాణీ బిళ్ళలను సైన్యాలుగా నడిపేవారు. ఆ బల్లలో మనకు కావలసిన విశేషం వేరే ఉంది: దాని కిందనే సొరుగులు. ఆట కాగానే ప్రతి ముక్కా తన సొరుగులోకి వెళ్ళిపోతుంది. రెండువందల ఏళ్ళు దాటినా ఆ బల్ల నిలిచి ఉందంటే ఆ సొరుగుల పుణ్యం కొంత లేకపోలేదు. ఆయన కుమారుడు 1824లో ఆ ఆటను సైనికాధికారుల శిక్షణకు పనికివచ్చేట్లు దిద్దాడు. ఇంగ్లండులో 1893లో బ్రిటన్ అనే సంస్థ లోపల గుల్లగా ఉండే సీసం సిపాయిలను పోసి చౌకగా అమ్మింది. 1913లో హెచ్.జి. వెల్స్ అనే ప్రఖ్యాత రచయిత ఇటువంటి సిపాయిలతో ఇంట్లో యుద్ధం ఆడే పద్ధతి మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం పిల్లల విభాగంలో బొమ్మ సిపాయిల వరుసలను చూసినవారు మన జిల్లాలో చాలామంది ఉంటారు. 1951లో దివాన్ దేవిడీలో మొదలై 1968లో ఇప్పటి భవనంలోకి మారిన ప్రదర్శనశాల అది. గడియారం గంట కొట్టడం చూసి తిరిగివచ్చేవారు ఈసారి ఆ సిపాయిల దగ్గర కూడా ఒక నిమిషం ఆగవచ్చు.

సీసం సిపాయిల విషయంలో ప్రదర్శనశాలలవారు ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటి వింతగా ఉంటుంది. ఖరీదైన ఓక్ చెక్క బీరువాల్లో, గట్టిగా మూసిన సొరుగుల్లో దాచిన సిపాయిలకే తెల్లటి బూజువంటి పొడి పట్టి రూపం చెడింది. కారణం తేమ ఒక్కటే కాదు. ఆ చెక్క నుంచి నెమ్మదిగా వెలువడే పుల్లటి ఆవిరి సీసాన్ని తినివేస్తుంది. చౌక అట్టపెట్టెలు కూడా కొన్ని ఇదే పని చేస్తాయి. అంటే ఎంత ఖరీదైన పెట్టె అన్నది కాదు లెక్క. లోపలి వస్తువుకు ఆ పెట్టె పడుతుందా లేదా అన్నది లెక్క. సీసం బొమ్మ ఏదైనా ఇంట్లో ఉంటే దాన్ని పసిపిల్లలకు అందనివ్వకూడదు. నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. పాత బొమ్మల రంగుల్లో కూడా సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. కాబట్టి అమ్మమ్మ కాలంనాటి బొమ్మను కొత్తగా చేద్దామని గరుకు కాగితంతో రుద్ది ఆ దుమ్ము పీల్చవద్దు.

బొమ్మ దేనితో చేసింది?

పెట్టె కొనడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఇది. కొండపల్లి, నిర్మల్, చేర్యాల బొమ్మలు మూడింటికీ ఆధారం తేలికైన పొణికి చెక్క. చేర్యాల బొమ్మకు ఆ చెక్క మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద పడుతుంది. దానిమీద సుద్ద పూత, ఆపైన రంగు. కొండపల్లి బొమ్మకు కూడా చేతులు, కాళ్ళు విడిగా చెక్కి ఈ రకం ముద్దతోనే అతుకుతారు. ఈ తేలికదనం వల్ల లాభం ఉంది. చేతిలోంచి జారినా మట్టిబొమ్మ మాదిరి ముక్కలు కాదు. నష్టం కూడా అందులోనే ఉంది. మెత్తటి చెక్క పురుగుకు సులువు. చింతగింజల జిగురు బొద్దింకకూ ఎలుకకూ ఆహారం. చెమ్మ తగిలితే చెక్క ఉబ్బుతుంది, పైనున్న సుద్ద ఉబ్బదు. ఎండకు చెక్క మళ్ళీ ముడుచుకుంటుంది. ఇట్లా నాలుగైదు ఏళ్ళు జరిగితే రంగు పెచ్చులుగా లేస్తుంది. చాలామంది దీన్ని రంగు నాసిరకం అనుకుని చేసినవాడిని తిడతారు. తప్పు చెమ్మది.

ఏటికొప్పాక బొమ్మ సంగతి వేరు. అంకుడు కర్రను చిలకమర మీద తిప్పుతూ లక్క పట్టించినది అది. నునుపుగా, గట్టిగా ఉంటుంది. విరిగే చేతులూ కాళ్ళూ తక్కువ. కాని లక్కకు వేడి పడదు. రేకుల ఇంటి అటక మీద ఎండాకాలమంతా ఉంచితే మెత్తబడి చుట్టిన గుడ్డకు అంటుకోవచ్చు. స్పిరిటుతో తుడిస్తే లక్క కరుగుతుంది.

మట్టిబొమ్మల్లో కాల్చినదీ కాల్చనిదీ ఒకటి కాదు. కాల్చని మట్టిబొమ్మను తడిగుడ్డతో తుడవడమంటే దాన్ని వచ్చిన చెరువుకు తిరిగి పంపడమే. మెత్తటి కుంచెతోనో, పాత నూలు గుడ్డతోనో పొడిగా దులపాలి. కాగితపు గుజ్జు బొమ్మకు కూడా నీరు శత్రువు. ప్లాస్టిక్ సిపాయి నీటికి బెదరడు, ఎండకు బెదురుతాడు. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో గంటసేపు ఉంచితే వంగిపోయే రకాలు ఉన్నాయి.

ఇక్కడ కలరా ఉండల మాట చెప్పుకోవాలి. సందుగ అనగానే నాలుగు ఉండలు పడవేయడం అలవాటు. బట్టలకు సరే. కొన్ని రకాల ప్లాస్టిక్కును, రంగును ఆ ఉండలు మెత్తబరుస్తాయి. పైగా తెల్లగా, గుండ్రంగా ఉండేసరికి పసివాడు పిప్పరమెంటు అనుకుని నోట్లో పెట్టుకోవచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఎండబెట్టిన వేపాకును గుడ్డలో మూటకట్టి మూలల్లో ఉంచేవారు మన పెద్దలు. దానివల్ల పురుగు పూర్తిగా రాదని పూచీ లేదు, హాని మాత్రం లేదు. ఆకు పూర్తిగా ఎండాలి. పచ్చి ఆకు పెడితే చెమ్మను మనమే లోపల పెట్టినట్లు.

టమాటా రైతుకు తెలిసిన విద్య

బొమ్మలను ఎట్లా సర్దాలో చేవెళ్ళ, మొయినాబాద్ రైతుకు ఒకరు చెప్పవలసిన పని లేదు. తెల్లవారకముందే టమాటా పట్నం మార్కెట్టుకు, బంతి, చామంతి, గులాబీ గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు పంపేవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. డబ్బాలో టమాటా రెండు విధాలుగా చెడుతుంది. మరీ కుక్కితే అడుగువి నలుగుతాయి. మరీ వదులుగా నింపితే దారిపొడుగునా ఒకదానికొకటి తగిలి కమిలిపోతాయి. రెండోది కంటికి వెంటనే కనపడదు, మార్కెట్టులో ధర పడిపోయినప్పుడు తెలుస్తుంది. బొమ్మకు కూడా ఈ న్యాయమే. పెట్టెలో అది కదలకూడదు, నలగకూడదు. మూత వేసి పెట్టెను రెండు చేతులతో మెల్లగా ఊపి చూడాలి. లోపల చప్పుడైతే మళ్ళీ సర్దవలసిందే. మూత వేయడానికి బలం కావలసి వస్తే ఒక బొమ్మను తీసి వేరే పెట్టెలో పెట్టవలసిందే.

బొమ్మ ఎక్కడ విరుగుతుంది? మెడ దగ్గర, మణికట్టు దగ్గర, చేతిలోని కత్తి, విల్లు, గొడుగు దగ్గర. బయటికి పొడుచుకువచ్చిన ప్రతిదీ విరగడానికి సిద్ధంగా ఉన్నట్లే. కాబట్టి బరువు ఎప్పుడూ మొండెం మీద, పీఠం మీద ఆనాలి. చాలామంది కత్తికి దెబ్బ తగులుతుందని కత్తి చుట్టూ దూది గట్టిగా కుక్కుతారు. తీసేటప్పుడు ఆ దూదితోబాటు కత్తి కూడా ఊడి వస్తుంది. దూది పోగులు గరుకు రంగుకు, చిన్న వేళ్ళకు చిక్కుకుంటాయి. చేయవలసింది దీనికి తలకిందులు. మొండెం చుట్టూ మెత్తటి పాత పంచె ముక్కను రెండు మూడు చుట్లు చుట్టి, చెయ్యి, కత్తి ఉన్నవైపు ఖాళీ వదలాలి. దేనికీ తగలని కత్తికి విరగవలసిన అవసరం రాదు. ఏనుగు, గుర్రం వంటివాటికి కడుపు కింద గుడ్డ మెత్త పెట్టి నిలబెట్టాలి. లేకపోతే దేహం బరువంతా సన్నటి కాళ్ళమీద పడి, మొదటి గతుకుకే కుంటుతాయి. అంబారీ ఊడివచ్చేదైతే దించి విడిగా చుట్టాలి.

చుట్టడానికి పాత వార్తాపత్రిక అందరికీ చౌక. కాని పత్రికలోని సిరా తెల్లరంగు బొమ్మ మీద అచ్చు పడుతుంది. మా పత్రికే అయినా సరే, బొమ్మకు నేరుగా తగలనివ్వవద్దు. ముందు ఉతికి ఆరవేసిన నూలు గుడ్డ, ఆపైన కావలసినంత పత్రిక. ఇప్పుడు సామాన్ల పెట్టెల్లో వచ్చే గాలిబుడగల ప్లాస్టిక్కు దెబ్బను బాగా ఓర్చుతుంది. ప్రయాణానికి మంచిది, ఏడాది పొడుగునా ఉంచడానికి కాదు. బుడగల గుండ్రటి మచ్చలు రంగుమీద పడతాయి, లోపలి చెమ్మ బయటికి పోదు. ఎండుగడ్డి ఉన్నవారు పెట్టెకూ పెట్టెకూ మధ్య వాడవచ్చు. బొమ్మ పక్కన వద్దు, పురుగు గడ్డితోనే వస్తుంది.

ఒక పెట్టెను ఇంకొక పెట్టెలో పెట్టి, నడుమ నాలుగు వేళ్ళ మందాన పాత బొంతో, గడ్డో దట్టించడం ఎన్ని ఖరీదైన పెట్టెలకన్నా మేలు. పైపెట్టెకు తగిలిన దెబ్బ లోపలిదాకా రాకుండా నడుమనే ఆగిపోతుంది.

బస్సులో ఎక్కడ పెట్టాలి?

మెహదీపట్నంలో బస్సెక్కి మొయినాబాద్ మీదుగా చేవెళ్ళ వచ్చేదాకా ఉన్నది నలభై కిలోమీటర్ల దారి. మర్రిచెట్ల నీడ కంటికి హాయిగా ఉన్నా, గతుకు వచ్చినప్పుడు ఎగిరిపడేది ఒళ్ళో ఉన్న సామానే. బొమ్మల పెట్టెను తల మీది సామాను అరలో పెట్టడం అన్నిటికన్నా తప్పు. బ్రేకు వేస్తే అది కిందపడుతుంది. బొమ్మ సంగతి అటుంచి, కింద కూర్చున్నవారి తల పగులుతుంది. వెనుక చక్రం దాటిన చివరి సీట్లలో ఎగురుడు ఎక్కువ, రెండు చక్రాల నడుమ తక్కువ. నడుమ సీటులో కూర్చుని ఒళ్ళో పెట్టుకోవడం ఉత్తమం. మన ఒళ్ళు కూడా ఒక మెత్తే. ఒళ్ళో పట్టని పెట్టెను కాళ్ళ ముందు బొంత మడత మీద ఉంచాలి.

మోటారుసైకిల్ వెనుక తాడుతో కట్టుకుపోయేవారు ఉన్నారు. తాడు బిగిస్తే పెట్టె నలుగుతుంది, వదిలేస్తే ఊగుతుంది. వెనుక కూర్చున్న మనిషి ఒళ్ళో పట్టుకుంటే ఈ రెండు బాధలూ లేవు. ట్రాలీలో ఇంటి సామాను తరలించేటప్పుడు బొమ్మల పెట్టె అన్నిటికన్నా చివర ఎక్కాలి, అన్నిటికన్నా ముందు దిగాలి. దానిమీద గ్యాసుబండ పెట్టినవారిని చూశాము. పెట్టె మీద "బొమ్మలు – పైకి" అని బాణం గుర్తుతో పెద్ద అక్షరాలు రాస్తే హమాలీ కూడా జాగ్రత్తపడతాడు. "జాగ్రత్త" అని ఒక్కమాట రాస్తే ఎవరూ పట్టించుకోరు; ప్రతి పెట్టె మీదా ఆ మాట ఉంటుంది కదా.

సర్దేముందు ఫోనులో ఒక ఫోటో తీసుకోవడం, మూత లోపలివైపు బొమ్మల సంఖ్య, వరుస రాసిన కాగితం అతికించడం నిమిషాల పని. కొలువు బొమ్మలు పంచుకునేటప్పుడు అక్కచెల్లెళ్ళ మధ్య వచ్చే తగాదాల్లో కూడా ఆ కాగితం పనికివస్తుంది.

ఇంట్లో ఏ మూల?

అటక మీద వేడి. నేలమీద చెమ్మ, చెదలు. వంటింట్లో పొగ, జిడ్డు. బయటి గోడకు ఆనించి పెడితే వానాకాలమంతా గోడ పీల్చిన నీరు పెట్టెకు చేరుతుంది. నడిమి గదిలో లోపలి గోడ వైపు, ఇటుకల మీద చెక్క వేసి, నేలకు జానెడు ఎత్తున, గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా ఉంచడం మంచిది. ఇనుప సందుగకు ఎలుకా చెదలూ పోవు, కాని చలికి దాని లోపలి గాలిలోని తేమ రేకు మీద చెమటలాగ పడుతుంది. అందుకే లోపల రేకుకూ బొమ్మకూ మధ్య గుడ్డ ఉండాలి.

ఏడాదికి ఒక్కసారే తెరిచే పెట్టెలో పురుగు పట్టినా తెలియదు. వానలు వెనుకబట్టాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి మూత తీసి చూడాలి. బొమ్మ పీఠం దగ్గర సూదిమొనంత రంధ్రాలు, పక్కన సన్నటి పిండి కనిపిస్తే ఆ బొమ్మను ఆ క్షణమే వేరుచేయాలి. మిగిలిన బొమ్మలను కాపాడేది ఆ పనే. రంగుబొమ్మలను నడి ఎండలో ఆరబెట్టడం మాత్రం మందుకన్నా జబ్బే నయం అనిపిస్తుంది. రంగు వెలుస్తుంది, చెక్క చీలుతుంది. గాలి ఆడే వసారాలో నీడపట్టున సగం రోజు ఉంచితే చాలు.

ప్లాస్టిక్ సిపాయిలున్న పిల్లలకు ఒక కొత్త ఉపాయం. విదేశాల్లో ఇటువంటి యుద్ధపు ఆటలు పెద్దవారు కూడా ఆడతారు. బొటనవేలంత సిపాయిలకు నెలల తరబడి కూర్చుని రంగులు వేస్తారు. వారు పీఠం కింద చిన్న అయస్కాంతం అతికించి, సిపాయిలను రేకుపెట్టెలో నిలబెట్టి తీసుకుపోతారు. గుడ్డ అక్కరలేదు, చుట్టడం అక్కరలేదు, ఒకదానికొకటి తగలవు. మన దగ్గర ఏ ఇంట్లోనూ రేకుపెట్టెకు కరువు లేదు. పాత బిస్కట్ల డబ్బా చాలు. తేలికైన బొమ్మలకే ఇది. మట్టి ఏనుగును అయస్కాంతం ఆపలేదు. చిన్న అయస్కాంతాలు పసిపిల్లలు మింగకుండా గట్టిగా అతికించాలి. ఒకటికన్నా ఎక్కువ మింగితే అవి కడుపులో పేగులను మధ్యన పట్టి అతుక్కుంటాయి, ఆపరేషను దాకా పోతుంది.

ఈ తాపత్రయం ఏదీ అక్కరలేని ఆట కూడా మనకు ఉంది. గుడి బండమీద గీసిన పులి–మేక గళ్ళు, నాలుగు గులకరాళ్ళు, పిడికెడు చింతగింజలు. ఆట కాగానే సైన్యాన్ని అక్కడే పారబోసి ఇంటికి పోవచ్చు.

విరిగిన ముక్కను పారవేయవద్దు. అగ్గిపెట్టెలో వేసి, ఏ బొమ్మదో రాసి, ఆ బొమ్మ పక్కనే ఉంచాలి. క్షణంలో అతుక్కునే అంగడి జిగురు చెక్కబొమ్మకు వాడితే తెల్లటి మరక పడుతుంది, వంకరగా అతికితే తిరిగి విడదీయడం కష్టం. చింతగింజలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించిన జిగురులో సన్నటి రంపపు పొట్టు కలిపితే అతుకుకు పనికివస్తుంది. తప్పు అతికితే తడిగుడ్డ తగిలించి ఊడదీయవచ్చు కూడా. ఒకరోజు నీడన కదపకుండా ఆరాలి. వానాకాలంలో ఆరదు, బూజు పడుతుంది. చెయ్యి విరిగిన సెట్టిగారిని దీపావళి తరువాత, పొడిగాలి తిరిగినప్పుడు అతుక్కోవడం మేలు.